సున్నగారి ఇరుగుపొరుగు

ఈ శీర్షిక క్రింద నేను వారం వారం రాసేవి ఇంటి లెక్కలు. పాల లెక్క, చీటీపాట లెక్క, బంగారం తరుగు లెక్క. ఈ వారం జూదం లెక్క రాయబోతున్నానంటే, "మాస్టారికి ఈ వయస్సులో ఇదేం బుద్ధి!" అని మీలో కొందరు నొసలు చిట్లించవచ్చు. కాని ఇదీ ఇంటి లెక్కే. స్పష్టంగా చెప్పాలంటే మా చెల్లెలి ఇంటి స్లాబు లెక్క.

మా చెల్లెలు ఉండేది మహబూబాబాదులో. ఊరివాళ్ళు ఇప్పటికీ మానుకోట అనే అంటారు. దాని కొడుకు, అంటే నా మేనల్లుడు, భూపాలపల్లి బొగ్గుగనుల్లో ఉద్యోగి. నేను రిటైరై జనగామలో కాపురం. 2016 అక్టోబరులో ఈ మూడు ఊళ్ళూ ఒకేరోజున మూడు జిల్లాల కేంద్రాలయ్యాయి. అంతకు ముందు అందరం ఒక్క వరంగల్లు జిల్లావాళ్ళమే. ఇప్పుడు మా ఇంట్లో ఏ సంగతి తేలాలన్నా మూడు జిల్లాలు కూడాలి!

మొన్న ఒక శనివారం రాత్రి మా చెల్లెలు ఫోను చేసింది.

"అన్నా, నువ్వొకసారి వచ్చిపో. నీ అల్లుడు దోస్తులతోని గోవా పోయి వచ్చిన కాడినుంచి గోడల మీద అంకెలు రాస్తుండు. అడిగితే నీకు తెల్వది ఊకో అంటుండు. నాకేదో భయమైతుంది."

ఆడవాళ్ళు భయమన్నప్పుడు మగవాళ్ళు నవ్వుతారు. నేను నవ్వలేదు. స్లాబు కోసం అది చీటీలు కట్టి కూడబెట్టిన డబ్బు, కొడుక్కి దసరా ముందు వచ్చిన లాభాల వాటా, రెండూ ఒకే బీరువాలో ఉన్న సంగతి నాకు తెలుసు. మర్నాడు ఉదయం రైలెక్కాను.

కొత్త ఇల్లు గోడల వరకు లేచి ఆగి ఉంది. గచ్చు చేయని గోడమీద బొగ్గుతో పెద్ద చక్రం, చక్రంలో 37 గడులు, గడి గడికీ ఒక అంకె. సున్నా నుంచి 36 వరకు అన్నీ ఉన్నాయి. కాని వరుసలో లేవు. సున్నాకు కుడిపక్క 32, ఎడమపక్క 26. ఎవరో లెక్కలు రాని పిల్లవాడు గీసినట్లుంది.

"ఏమిటయ్యా ఇది?" అన్నాను.

అల్లుడి ముఖం వెలిగిపోయింది. "మామా, నువ్వు లెక్కల సారువు. నీకు చెప్తే తెలుస్తది. ఇది రూలెట్. ఫ్రెంచి చక్రం."

గోవాలో పణజి దగ్గర మాండవీ నదిమీద ఓడల్లో జూదశాలలు నడుస్తున్నాయన్న సంగతి పత్రికలు చదివేవారికి కొత్త కాదు. అక్కడ చక్రం తిప్పి, దానికి ఎదురు దిశలో తెల్లటి గోళీని వదులుతారు. గోళీ ఏ గడిలో పడితే ఆ అంకె గెలిచినట్లు. పందెం కాసేవాళ్ళు ముందున్న ఆకుపచ్చని గుడ్డమీద బిళ్ళలు పెడతారు. ఒక్క అంకె మీద బిళ్ళ పెట్టి గెలిస్తే 35 బిళ్ళలు ఇస్తారు. పెట్టిన బిళ్ళ కూడా మనదే. రెండంకెల మధ్య గీతమీద పెడితే 17, మూడు కలిసేచోట పెడితే 11, నాలుగిళ్ళ కూడలిలో పెడితే 8.

ఇక్కడ ఒక తమాషా ఉంది. గుడ్డమీద అంకెలు బుద్ధిగా ఒకటి, రెండు, మూడు అని వరుసలో ఉంటాయి. చక్రం మీద మాత్రం చెల్లాచెదరుగా ఉంటాయి. చక్రం మీద పక్కపక్కన ఉన్నవన్నీ కలిపి పందెం కాయాలంటే గుడ్డమీద నాలుగు మూలలా బిళ్ళలు పెట్టాలి. అందుకని ఫ్రెంచివాళ్ళు చక్రాన్ని ముక్కలుగా పంచి, ఒక్కొక్క ముక్కకు ఒక పేరు పెట్టారు. ఆ పేరు చెబితే చాలు, బల్ల దగ్గరి మనిషే బిళ్ళలన్నీ సర్దుతాడు.

మొదటిది "వ్వాజాఁ ద్యు జెరో." ఈ ఉచ్చారణ నా పళ్ళకు లొంగలేదు, అర్థం మాత్రం మనకు బాగా తెలిసినదే. సున్నగారి ఇరుగుపొరుగు! 22 మొదలుకొని సున్నా మీదుగా 25 దాకా 17 అంకెలు. దీనికి 9 బిళ్ళలు కావాలి. 0, 2, 3 కలిసేచోట రెండు; 25, 26, 28, 29 కూడలిలో రెండు; 4-7, 12-15, 18-21, 19-22, 32-35 జంటలమీద ఒక్కొక్కటి.

రెండోది "తియేర్," అంటే మూడోవంతు. సున్నాకు ఎదుటివైపు 27 నుంచి 33 దాకా ఉన్న 12 అంకెలు. ఆరు జంటలు, ఆరు బిళ్ళలు.

ఈ రెండు వాడలకూ చెందక మధ్యలో మిగిలిపోయినవి ఎనిమిది. ఒకవైపు 1, 20, 14, 31, 9. ఇంకోవైపు 17, 34, 6. వీటి పేరు "ఓర్ఫెలాఁ," అనగా అనాథలు. 1 మీద ఒక బిళ్ళ, 6-9, 14-17, 17-20, 31-34 జంటలమీద నాలుగు, వెరసి అయిదు.

పదిహేడూ పన్నెండూ ఎనిమిదీ కలిపితే ముప్ఫైయేడు. చక్రం పూర్తయింది. పంపకం అందంగా ఉందని ఒప్పుకోక తప్పదు.

"నేను ఇరుగుపొరుగు మీదనే పెట్టిన మామా. తొమ్మిది బిళ్ళలు, బిళ్ళ వంద రూపాయలు. ముప్ఫైయేడుల పదిహేడు మనయే. అంటే సగానికి జరంత తక్కువ. మొదటి రాత్రి ఏడువేలు వచ్చినయ్. పోయినప్పుడల్లా రెట్టింపు పెడితే నష్టమే ఉండదు. వరుసగ నాలుగైదుసార్లు ఎట్ల పోతది?"

"అయితే మళ్ళీ వెళ్ళే ఆలోచన ఉందన్నమాట."

అల్లుడు మాట్లాడలేదు. అతని తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ధర్మరాజు కథ చెప్పి బుద్ధి గరపవచ్చు. కాని పాతికేళ్ళు దాటిన కుర్రవాడికి ధర్మరాజు కథ చెబితే, "ఆయనకు ఆట రాలేదు, నాకు వచ్చు" అనుకుంటాడు. పద్ధతి ఉందనుకున్నవాడికి పద్ధతితోనే సమాధానం చెప్పాలి.

"ఒక డబ్బాడు చింతగింజలు తీసుకురా అమ్మా" అన్నాను చెల్లెలితో.

37 చిట్టీలు కత్తిరించి, సున్నా నుంచి 36 దాకా రాసి ఒక చెంబులో వేశాం. ఫ్రెంచి చక్రానికి బదులు మానుకోట చెంబు. అల్లుడు ఆటగాడు, అతని తల్లి బల్ల యజమాని, నేను గోళీని. ప్రతిసారీ చిట్టీ తీసి, చూసి, మళ్ళీ చెంబులో వేసి కలపాలి. అల్లుడు ప్రతిసారీ ఇరుగుపొరుగు మీద తొమ్మిది గింజలు పెట్టాలి.

పాఠకులు నవ్వకండి. ఇరవై చిట్టీలు తీసేసరికి అల్లుడు పన్నెండుసార్లు గెలిచాడు. అందులో రెండుసార్లు సున్నా, మూడూ కూడా వచ్చాయి. నలభై ఎనిమిది గింజలు లాభం! "చూసినవా మామా!" అని వాడు తొడ చరిచాడు. నాకు ముచ్చెమటలు పోశాయి. బుద్ధి చెప్పడానికి వచ్చి జూదం నేర్పి పోయేటట్లున్నాను.

తరువాత ఆలోచిస్తే అనిపించింది: ఇందులో వింత ఏముంది? ఇరవైసార్ల ఆటలో ఎవరైనా గెలవవచ్చు. గెలుస్తారు కనుకనే మళ్ళీ వెళతారు. ఎవరూ గెలవని జూదశాలకు రెండోసారి ఎవరు పోతారు?

"సరే, ఇప్పుడు అదృష్టాన్ని కాసేపు గుమ్మం బయట నిలబెడదాం" అన్నాను. "చెంబులో ఉన్న 37 చిట్టీలనూ ఒక్కొక్కటిగా తీస్తాను. తీసినది మళ్ళీ వేయను. అన్ని అంకెలూ ఒక్కొక్కసారే వస్తాయి. ఇంతకంటే ధర్మమైన ఆట ఇంకెక్కడా దొరకదు. నీ ఇరుగుపొరుగు పదిహేడుగురూ తప్పకుండా వస్తారు. ఎంత మిగులుతుందో చూడు."

తీశాను. 0, 2, 3 వచ్చిన మూడుసార్లూ పదిహేనేసి గింజలు లాభం: 45. మిగతా పద్నాలుగుసార్లూ తొమ్మిదేసి: 126. మొత్తం 171. ఓడిన ఇరవైసార్లూ తొమ్మిదేసి నష్టం: 180.

"తొమ్మిది తక్కువైనయ్" అన్నాడు అల్లుడు.

"మూడోవంతు మీద పెట్టు."

ఆరు గింజల ఆట. గెలిచిన పన్నెండుసార్లూ పన్నెండేసి, 144. ఓడిన ఇరవై అయిదుసార్లూ ఆరేసి, 150.

"ఆరు తక్కువ."

"అనాథల మీద పెట్టు."

అయిదు గింజల ఆట. 1 వచ్చినా 17 వచ్చినా 31 చొప్పున లాభం, మిగతా ఆరింటికీ 13 చొప్పున, మొత్తం 140. ఓడిన ఇరవై తొమ్మిదిసార్లకు 145.

"అయిదు తక్కువ" అని వాడే అన్నాడు. ఒక్క నిమిషం ఊరుకున్నాడు. "ఎట్ల పెట్టినా, ఎన్ని పెడితే అన్ని పోతున్నయి మామా. తొమ్మిది పెడితే తొమ్మిది, ఆరు పెడితే ఆరు, అయిదు పెడితే అయిదు."

అదే ఈ వారం నేను చెప్పదలచిన లెక్క అంతా. కారణం మన చీటీపాటలో ఉంది. 37 మంది చేరిన చీటీలో ఎత్తుకున్నవాడి చేతికి 36 మంది డబ్బే వస్తే, మిగిలినది ఎవరిది? చీటీ నడిపేవాడిది. ఈ చక్రమూ అంతే. గడులు 37, చెల్లింపు మాత్రం 36 గడుల లెక్కన. ఒంటి అంకె అయినా, జంట అయినా, కూడలి అయినా ఆ కోత ఒక్కటే, నూటికి రెండు రూపాయల డెబ్బై పైసలు. తక్కువ పడే పందేలను ఎన్ని రకాలుగా కట్టగట్టినా కట్ట కూడా తక్కువే పడుతుంది. గుంపులుగా పెడితే మారేది గెలుపోటముల వరుస మాత్రమే. ఇరుగుపొరుగు మీద పెడితే చాలాసార్లు కొద్దికొద్దిగా గెలుస్తాం. ఒంటి అంకె మీద పెడితే ఎప్పుడో ఒకసారి బాగా గెలుస్తాం. రెండింటికీ పన్ను ఒక్కటే.

మా చెల్లెలు డబ్బా మూత పెడుతూ, "మీ లెక్కలు మీరు చేసుకున్నరు గాని, నా డబ్బాల గింజలు మాత్రం పెరిగినయ్" అంది. యజమాని మాట యజమానికే తెలుస్తుంది!

అల్లుడు అంత తేలికగా వదలలేదు. "నూటికి మూడు రూపాయలు కూడా లేదు గద. చీటీ కమీషనే అంతకంటే ఎక్కువ" అన్నాడు.

"చీటీ కమీషను నెలకొక్కసారి పోతుంది. ఇది తిప్పినప్పుడల్లా పోతుంది. గంటకు ముప్ఫైసార్లు తిరుగుతుందనుకో. తిప్పుకు నీ తొమ్మిదివందలు. గంటలో ఇరవై ఏడువేల రూపాయల పందెం కాసినట్లు. దానిలో ముప్ఫైయేడోవంతు, సగటున ఏడువందల ముప్ఫై రూపాయలు, బల్లకు కట్నం. అయిదు గంటలు కూర్చుంటే మూడువేల ఆరువందలు దాటింది."

"మరి రెట్టింపు పెడితే?"

"ఇరుగుపొరుగు మీద వరుసగా అయిదుసార్లు పోవడానికి ఇరవై రెండింటిలో ఒక వంతు అవకాశం ఉంది. ఒక్క రాత్రి ఆటలో అది రావడానికి బోలెడంత చోటుంది. 9, 18, 36, 72, 144. అయిదు ఓటములకు 279 బిళ్ళలు. నీ లెక్కన ఇరవై ఏడువేల తొమ్మిదివందలు. ఆరోసారి 288 బిళ్ళలు పెట్టాలి, ఇరవై ఎనిమిదివేల ఎనిమిదివందలు. అంత పెట్టనివ్వకుండా బల్లమీద హద్దు కూడా ఉంటుంది."

'ఇన్నిసార్లు పోయింది కనుక ఇప్పుడు వస్తుంది' అనే నమ్మకం గురించి కూడా చెప్పాను. 1913 ఆగస్టు 18న మాంటీకార్లోలో గోళీ వరుసగా 26సార్లు నల్లగడిలోనే పడింది. ఇక ఎర్రదే వస్తుందని జనం ఎగబడి ఎర్రదానిమీద పోసి, గోచిపాతలతో మిగిలారు. గోళీకి జ్ఞాపకశక్తి లేదు. క్రిందటిసారి ఎక్కడ పడ్డదో దానికి తెలియదు.

ఆ మాంటీకార్లోను 1863లో చేతికి తీసుకున్నది ఫ్రాన్స్వా బ్లాఁ అనే ఫ్రెంచి వ్యాపారి. అంతకు ఇరవై ఏళ్ళ ముందు, 1843లో, ఆయనా ఆయన అన్నదమ్ముడూ జర్మనీలోని హోంబుర్గ్ లో రెండో సున్నా తీసివేసి, ఒక్క సున్నా చక్రంతో జనాన్ని ఆకర్షించారు. రెండు సున్నాలుంటే నూటికి అయిదుంపావు పోతుంది. ఒక్కటే ఉంటే రెండూ డెబ్బై. కోత తగ్గించినా ఆయన కోటీశ్వరుడయ్యాడంటే ఆ ఒక్క సున్నా ఎంత పనిచేసిందో ఊహించండి. ఫ్రెంచి ఆటలో ఇంకొక దయ కూడా ఉంది: సున్నా పడితే ఎరుపు-నలుపు, సరి-బేసి వంటి పందేలలో సగం తిరిగి ఇస్తారు. కాని మా అల్లుడి ఇరుగుపొరుగుకు, అనాథలకు ఆ దయ వర్తించదు. అందమైన పేర్లున్నవాటికే పూర్తి కోత!

"రమ్మీ నైపుణ్యమని సుప్రీంకోర్టే అన్నది గద మామా?" అని చివరి బాణం వేశాడు.

అన్నది, నిజమే. సికింద్రాబాదులోని ఒక క్లబ్బు కేసులో 1967లో అన్నది. ఏ ముక్క పడిందో గుర్తుంచుకోవాలి, ఏది ఉంచాలో ఏది వదలాలో తెలియాలి కనుక అది నైపుణ్యమని. మూడుముక్కలాట మాత్రం వట్టి అదృష్టమని అదే తీర్పులో చెప్పింది. గోళీ విషయంలో మనం గుర్తుంచుకోవలసిందీ లేదు, వదలవలసిందీ లేదు, డబ్బు తప్ప. ఆ పైన 2017లో మన రాష్ట్రం చట్టం మార్చి నైపుణ్యం పేరిట ఉన్న మినహాయింపును కూడా తీసివేసింది. ఫోనులో డబ్బు పెట్టి ఆడే ఆటలను నిషేధిస్తూ 2025లో పార్లమెంటు చట్టం చేసింది.

అల్లుడు గోడమీది చక్రంవంక చూస్తూ చాలాసేపు కూర్చున్నాడు. తరువాత తలెత్తకుండానే, "రెండోరాత్రి ఇరవై రెండువేలు పోయినయి మామా" అన్నాడు. "ఒక్కసారి పోయి అది తెచ్చుకుందామనుకున్న. అమ్మకు మొదటి రాత్రిదే చెప్పిన."

మా చెల్లెలు ఏమీ అనలేదు. లేచి లోపలికి వెళ్ళి ముగ్గురికీ చాయ్ పెట్టింది.

అప్పుడు నేను యాభై ఏళ్ళుగా ఎవరికీ చెప్పని మాట ఒకటి చెప్పాను. పదో తరగతి చదివే రోజుల్లో, పరీక్ష ఫీజు కట్టమని మా నాన్న ఇచ్చిన డబ్బు జేబులో పెట్టుకుని ఒక జాతరకు పోయాను. అక్కడొకడు ఆరు బొమ్మల గుడ్డ పరిచి, మూడు పాచికలు డబ్బాలో ఆడిస్తున్నాడు. పెట్టిన బొమ్మ ఒకటి పడితే ఒకటికి ఒకటి, రెండు పడితే రెండు, మూడు పడితే మూడు. ఆరు బొమ్మలు, మూడు పాచికలు, సగానికి సగం అవకాశమనుకున్నాను. చీకటి పడేసరికి ఫీజు పోయింది. డబ్బు దారిలో పడిపోయిందని ఇంట్లో అబద్ధం చెప్పాను. మా నాన్న ఎవరి దగ్గరో చేబదులు తెచ్చి కట్టాడు. లెక్కల ఉపాధ్యాయుణ్ణయ్యాక ఒకరోజు ఆ లెక్క వేసి చూశాను. మూడు పాచికలు 216 విధాల పడతాయి. ప్రతి విధానికీ రూపాయి చొప్పున పెడితే 17 రూపాయలు పోతాయి, అంటే నూటికి దాదాపు ఎనిమిది. మాండవీ నదిమీది ఫ్రెంచివాడికంటే మా జాతరవాడు మూడురెట్లు ఘనుడు! లెక్క తేలింది గాని, నాన్నకు చెప్పే వేళ దాటిపోయింది. ఆయన అప్పటికి లేడు.

"అంటే నువ్వు కూడా...?" అన్నాడు అల్లుడు.

"అన్నా, నాయిన చేతి ఉంగరం పోయింది గప్పుడేనా?" అంది మా చెల్లెలు నెమ్మదిగా.

చేబదులు అనుకున్నాను ఇన్నేళ్ళూ. దానికి మాత్రం ఉంగరం గుర్తుంది. నా దగ్గర సమాధానం లేకపోయింది.

మూడు వారాల తరువాత స్లాబు పడింది. ఇరవై రెండువేలు తగ్గినందున వంటింటి మీద స్లాబు ఆపి, అక్కడ ప్రస్తుతానికి రేకులు వేశారు. అల్లుడు రెండు ఆదివారాలు కూలీలతోపాటు తట్టలు మోశాడు. గోడలకు గచ్చు చేసే రోజున మేస్త్రీ ఆ బొగ్గు చక్రాన్ని చూసి, "ఇదేదో యంత్రమా అమ్మా, ఉంచాల్నా?" అని అడిగాడట. "ముందుగాల గా సున్నను మూసెయ్" అన్నదట మా చెల్లెలు.

అల్లుడు మళ్ళీ గోవా వెళ్ళడని నేను హామీ ఇవ్వలేను. వెళితే మాత్రం ఎంత పోగొట్టుకోవడానికి వెళుతున్నాడో లెక్క తెలిసి వెళతాడు. మీ ఇంట్లో కూడా ఎవరైనా గెలిచిన రాత్రి గురించి మాత్రమే చెబుతుంటే, కోప్పడకండి. డబ్బాడు చింతగింజలు తెచ్చి ముందు పెట్టి, రెండో రాత్రి సంగతి నెమ్మదిగా అడగండి.